వడ్రంగి ముక్కు

ఏ చెక్క చేతికొచ్చినా ముందు కాస్త చిత్రిక పట్టి, ఆ పొట్టు పిడికెడు తీసి వాసన చూడటం వడ్రంగికి తండ్రి నేర్పిన పద్ధతి. కూల్చిన ఇళ్ల కలపే తప్ప కొత్తగా కొట్టిన చెట్టును ముట్టని మనిషి. ఏ చెక్క ఎక్కడ ఏం తాగి వచ్చిందో ముక్కే చెప్పాలి. చలికాలంలో వచ్చిన జ్వరం ఆ ముక్కును కాస్తా ఎత్తుకుపోయింది. పేరున్న మనిషి కదా, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొట్టు ముక్కు దగ్గర పెట్టుకుని పెద్దమనిషిలా తలాడించడం మాత్రం మానలేదు.

ఆ ఉదయం పాత కలప అమ్మేవాడు గుమ్మంలో నిలబడి నవ్వుతూనే అన్నాడు.

"రెండు నెలల కిందట పట్టుకెళ్లావే, గోడౌను తలుపు చెక్కలు, అవి వాడలేదు కదా? చెదల మందులో నానబెట్టినవంట. నాకూ నిన్ననే తెలిసింది. అయినా నీకు చెప్పాలా, నీ ముక్కు ఎప్పుడో పట్టేసుంటుందిలే!"

వడ్రంగి ఉలి పక్కన పడేసి లేచాడు.

ఆ చెక్కలతోనే మనవరాలికి ఉయ్యాల తొట్టి చేశాడు. పిల్లకి పళ్లొస్తున్నాయి, ఏది దొరికితే అది కొరుకుతోంది. అందుకే రంగు వేయకుండా తేనెమైనం, నూనె మాత్రమే రుద్దాడు. నోట్లో పెట్టుకున్నా గుచ్చుకోకూడదని పై కమ్మీని గుండ్రంగా తీర్చిందీ తనే.

కూతురికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కాడు. మొన్న పిల్ల రెండుసార్లు కక్కిందని కూతురు చెబితే, పళ్లొచ్చేటప్పుడు మామూలేనని కొట్టిపారేసిన మాట గుర్తొచ్చి పరుగందుకున్నాడు. నాలుగు వీధులు దాటి, మూడంతస్తులు ఎక్కి తలుపు బాదాడు.

తలుపు తీసిన కూతురి చంకలో పిల్ల ఉంది.

"ఫోన్ సైలెంట్‌లో పెట్టాను నాన్నా, పిల్ల ఇప్పుడే నిద్ర లేచింది. ఏమైంది?"

"తొట్టి... తొట్టి ఏదమ్మా?"

"బాల్కనీలో. తెచ్చిన రోజు నుంచీ అక్కడే. నీ మైనం వాసన కాదు, ఇంకేదో ఘాటుగా కొట్టింది. అది పోయాక పడుకోబెడదామనుకున్నా. చెబితే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

వడ్రంగి గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మనవరాలు వంగి అతని మీసం పట్టుకు లాగింది.

"అంత ఘాటు నీకెలా తెలియలేదు నాన్నా?"

"అది చెదల మందమ్మా. జ్వరం వచ్చినప్పటి నుంచీ నాకు ఏ వాసనా తెలియడం లేదు."

కూతురు పిల్లను గుండెకు హత్తుకుంది. మెల్లగా అడిగింది.

"మిగిలిన ముక్కలేం చేశావు?"

వడ్రంగి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. బెత్తెడు చెక్క కూడా వృథాగా పోనివ్వడని అతనికి పేరు.

"మా వీధి దర్జీ మనవడికి చిన్న కుర్చీ చేసిచ్చాను. ముందు పలకున్నది."

"పలకెందుకు?"

"అన్నం పెట్టడానికి. కంచం తోసేసి మెతుకులు పలక మీంచే ఏరుకు తింటున్నాడని నిన్ననే దర్జీ మురిసిపోయాడు."

అప్పటికే అతను మెట్లు దిగుతున్నాడు.