దాణా కొట్టులో ఇనుప బీరువా

నా భార్య వెర్నాను చంపింది రాష్ట్ర శాసనసభ. తుపాకీ మాత్రం ఆమె తమ్ముడు డెల్మర్‌ది.

పెళ్లాం వదిలేసి పోయాక డెల్మర్ తాగి తుపాకీ గొట్టం గడ్డం కింద పెట్టుకునేవాడు. మా అపలాచియా కొండల్లో ఒకడి తుపాకీ ఇంకొకడు లాక్కోడు. అందుకే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రూత్ అనే ఆమె వేరే దారి చూపింది. ప్రభుత్వ డబ్బుతో పరిశోధన అది. మనసు బాగోలేనివాడు తన తుపాకీని మా ఊళ్లో ఒరిన్ నడిపే దాణా కొట్టులో ఇనుప బీరువాలో ఉంచి, నెమ్మదించాక తీసుకుంటాడు. దానివల్ల చావులు తగ్గుతాయా లేదా అని ఆమె చూస్తుంది.

వెర్నా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తీసుకెళ్లింది.

"తుపాకీ నువ్వెందుకు మోస్తావక్కా? గుమ్మడికాయకే ఆయాసపడతావు."

"నోర్మూసుకుని నడవరా. నీ శవం ఇంకా బరువు."

ఆ చలికాలమంతా డెల్మర్ తాగాడు, ఏడ్చాడు, బతికాడు.

వసంతంలో శాసనసభ ఆ డబ్బు ఆపేసింది. పరిశోధన పేరుతో తుపాకులు గుంజుకుంటున్నారని ఒకాయన అరిస్తే మిగతావాళ్లు చేతులెత్తి సరేనన్నారట. బీరువా వెనక్కి పోయింది. ఒరిన్ ఎవరి తుపాకీ వాళ్లకు అప్పజెప్పాడు. మా లోయలో పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. తుపాకీ కూడా అంతే. తుడిచి, నూనె రాసి, తూటాల పెట్టె జతచేసి ఇస్తారు. ఒరిన్ మర్యాద తెలిసిన మనిషి.

ఆదివారం వెర్నా మొక్కజొన్న రొట్టె కోస్తుండగా డెల్మర్ తుపాకీతో తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"బావా, నువ్వు బయటికెళ్లు. అక్కకు చెప్పి పోదామని వచ్చా."

"పోయేవాడివి తిని పో. దాన్నిలా ఇవ్వు," అంటూ వెర్నా గొట్టం పట్టుకుంది.

వాడు లాగాడు. నేను వాడి మెడ మీద పడ్డాను. పేలింది.

వెర్నా పొట్ట చీలిపోయింది. రొట్టె మీద, పొయ్యి మీద, గోడ మీద రక్తం. పేగులను లోపలికి నెట్టబోయాను. చేతుల్లోంచి జారిపోయాయి.

"వాణ్ణి పట్టుకో," అంది. అదే ఆమె ఆఖరి మాట.

నేను లేచేలోపే రెండో గుండు పేలింది. డెల్మర్ తలలో సగం లేదు. పైకప్పు నుంచి చాలాసేపు కారుతూనే ఉంది.

సమాధి దగ్గర ఒరిన్ చెయ్యి చాచాడు. మూతి మీద గుద్దాను. పన్ను ఊడింది.

"ఇంకోటి కొట్టు, హోబర్టూ," అన్నాడు.

కొట్టాను.

ఆ డబ్బు మళ్లీ ఇప్పించాలని రూత్ నన్ను శాసనసభ సంఘం ముందు కూర్చోబెట్టింది. వంటగదిలో ఏం జరిగిందో మొత్తం చెప్పాను. అధ్యక్షుడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"చాలా బాధాకరం పెద్దాయనా. కానీ ఆ బీరువాలు ప్రాణాలు నిలబెడతాయని రుజువేదీ?"

"పరిశోధన పూర్తి కానిస్తే కదా," అంది రూత్. "ఆపింది మీరే."

"పూర్తి కూడా కాని పనికి డబ్బెలా ఇమ్మంటారమ్మా?"

వెనక వరుసలో ఎవరో నవ్వారు.

మళ్లీ సమావేశం ఉందట. రమ్మని రూత్ కబురు పంపింది. వెర్నా పేగుల గురించి ఆ గదిలో ఒకసారి చెప్పాను. వాళ్లు విని భోజనానికి లేచారు. ఇక ఈ సంగతి నా నోట రాదు. రూత్ కాదు, వెర్నాను కన్నతల్లి లేచి వచ్చి అడిగినా రాదు.