గంపలో మిగిలిపోయిన పాఠం

పొద్దున్నే ఎదురుమొండిలో మొదటి పంటు ఎక్కి ఏరు దాటడం, నాగాయలంక ఐసు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం దాకా కొక్కెంతో దిమ్మలు లాగడం, ఆనక బస్సెక్కి అవనిగడ్డలో ఏసీ మెకానిక్ క్లాసుకు పరిగెత్తడం. సుచిత్రకు రోజూ ఇదే పని. ఎప్పుడు తింటుందో తనకే తెలియదు గానీ, ఆ పిల్ల ముఖంలో మాత్రం పండగ కనిపించేది. ఫ్యాక్టరీలో మెషిన్ చూసే పెద్దాయన మానేస్తున్నాడు. సర్టిఫికెట్ తెస్తే మెషిన్ రూము నీదేనని ఓనరు మాటిచ్చాడు. తేలేకపోతే ఉయ్యూరు నుంచి ఇంకొకర్ని పెట్టుకుంటాడు, ఈమె దిమ్మలు లాగుతూనే ఉండాలి.

చిక్కల్లా పాఠాల బరువుతోనే. అన్నీ ఒక్కలా ఉండేవి కావు. స్పానర్ల పాఠం చెప్పిన రోజు బ్యాగు భుజం మీద నిలిచేది కాదు, గాలికి పైకి లేస్తుంటే పట్టీ పట్టుకుని నడవాల్సొచ్చేది. గ్యాసు పాఠం చెప్పిన రోజు అదే బ్యాగు తడిసిన వలలా కిందికి గుంజేది. అర్థమయ్యేదాకా అంతే, అర్థమైతే బరువు పోతుంది. పంటు నడిపే బాలాజీ ఆమెను చూడగానే ఇవాళ ఏం చెప్పారని అడిగి, దాన్నిబట్టి మోటారు సైకిళ్ళను అటో ఇటో జరిపించేవాడు. మన వైపు సంగతి తెలిసిందేగా, నిలబడ్డ మనిషి చేతిలో బరువుంటే కూర్చున్నవాళ్ళు ఊరుకోరు, లాక్కుని ఒళ్ళో పెట్టుకుంటారు. సుచిత్ర పాఠాల్నీ అలాగే తలా కాస్త పట్టుకునేవారు, దిగేటప్పుడు తిరిగిచ్చేవారు.

చలి ఎలా పుడుతుందో రామబ్రహ్మం మాస్టారు చెప్పిన సాయంత్రం మాత్రం పంటు ఒక పక్కకు ఒరిగింది. చేపలమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికెళ్తున్న నాంచారమ్మ, ఇందులో పడెయ్యవే అంది. సుచిత్ర పడేసింది. ఒడ్డు రాగానే అమ్మ ఫోను చేస్తే మాట్లాడుకుంటూ దిగి వెళ్ళిపోయింది. భుజం తేలిగ్గా ఉంది, ఇంత కష్టమైన పాఠం అప్పుడే వచ్చేసిందని ఎంత సంబరపడిందో. పిచ్చిపిల్ల, అర్థమైనా తేలికే, ఇంకొకరికి అంటగట్టినా తేలికేనని తోచలేదు.

రేపు పరీక్ష అనగా, పొద్దున పంటు మీద నిలబడి పాఠాలన్నీ ఒకసారి నెమరేసుకుంది. గలగలా వస్తున్నాయి. చలి దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్క లేదు. అప్పుడు గంప గుర్తొచ్చింది. డ్యూటీ సంగతి దేవుడెరుగు, నేరుగా చేపల బజారుకు పరిగెత్తింది.

"అదా, ఉంది" అంది నాంచారమ్మ, గంపను దగ్గరికి లాక్కుంటూ.

ఇవ్వడానికి మనసొప్పినట్టు లేదు. ఆ పాఠం అడుగున పడ్డ దగ్గర్నుంచి ఆవిడ ఐసు కొనడమే మానేసింది. పొద్దున వేసిన కానాగంత చేపలు సాయంత్రానికి కూడా అప్పుడే వలలోంచి తీసినట్టుంటున్నాయి. మెడ లాగేస్తున్నా ఆ గంపను ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదట.

సుచిత్ర గంప అంచు పట్టుకుంది. "రేపే పరీక్ష అత్తా. అది లేకపోతే నాకు మెషిన్ రూము లేదు."

నాంచారమ్మ చేపల్ని గోనెపట్టా మీదికి దింపి, గంప ముందుకు తోసింది.

"తీసుకెళ్ళు. కానీ దీంతో జాగ్రత్తే అమ్మాయ్. చేపలు చల్లగానే ఉంటాయి, వాటి వేడంతా నా మాడు మీదికి దిగుతుంది. మొన్న మంటకి ఓర్చుకోలేక గుడ్డతో లావుపాటి చుట్టకుదురు చుట్టి గంప కింద నెత్తిన పెట్టుకున్నాను. ఆ రోజు చేపలన్నీ కుళ్ళిపోయాయి."

సుచిత్రకు అప్పుడు వెలిగింది. చలిని ఎవరూ తయారుచెయ్యరని, లోపలి వేడిని మోసుకెళ్ళి బయట దింపడమేనని మాస్టారు బోర్డంతా నింపి చెప్పింది ఇదే. దింపే దారి మూస్తే వేడి లోపలే ఉండిపోతుంది. ఎంత సులువు. నవ్వొచ్చింది, కన్నీళ్ళొచ్చాయి, నాంచారమ్మను బజార్లోనే వాటేసుకుంది. బరువు పోయిన గంప గాలికి లేవబోతే పక్కన రొయ్యలమ్మే ఆమె పట్టుకుని కింద పెట్టింది.

నాంచారమ్మ గంపలో చెయ్యి పెట్టి చూసింది. మామూలు వెదురు. సరే వెళ్ళి చదువుకో అని, ఐసు కొనడానికి కొంగు ముడి విప్పింది.

మర్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చినాయన ఒక మెషిన్ చూపించి, తిరుగుతోంది కానీ చల్లబడటం లేదు, ఎందుకో కనుక్కోమన్నాడు. ముందువాళ్ళు గ్యాసు తక్కువైందన్నారు. సుచిత్ర వెనక్కి వెళ్ళి, వేడి బయటికి పోయే గొట్టాల్ని చూసింది. వాటి మీద దుమ్ము మందంగా, మెత్తగా పేరుకుపోయి ఉంది.

"దీని మాడు కప్పేశారండీ" అంది.

ఆయనకేమీ అర్థం కాలేదు. ఆమె బ్రష్షు తీసుకుని శుభ్రంగా దులిపేసింది. కాసేపటికి లోపలి గొట్టం మీద మంచు తెల్లగా పట్టడం మొదలైంది.

సర్టిఫికెట్ చేతికొచ్చి మెషిన్ రూములో చేరిన రోజు, తను నడిపిన మెషిన్‌లో గట్టిపడిన మొదటి దిమ్మ కొట్టించి, ఆ ఐసు తన లెక్కలో రాయమని చెప్పి నాంచారమ్మ గంపలో పోసింది.

"క్లాసులు అయిపోయినట్టేనా?" అని అడిగింది నాంచారమ్మ.

"పై కోర్సు ఉందంటున్నారత్తా. ఇంతకంటే చాలా కష్టమట."

నాంచారమ్మ కళ్ళు మెరిశాయి. "అయితే చేరు. బరువైనవన్నీ నా గంపలో పడెయ్" అంటూ, తల మీది చుట్టకుదురు విప్పి ఈసారి పల్చగా చుట్టుకోసాగింది.