చివర ఇ ఉండాలి

కుటుంబ తగాదాలు వినే ఆ కోర్టులో ఆమె పదిహేడేళ్ళుగా దుబాసీ. జనం తమ భాషలో చెప్పింది ఇంగ్లీషులోకి, జడ్జిగారు ఇంగ్లీషులో అడిగింది జనం భాషలోకి మార్చడం ఆమె పని. అందరూ ఆమెను డిక్షనరీ అమ్మ అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది. ఎవరైనా "బాధ" అంటే అది ఒంటిదో మనసుదో తేల్చుకోనిదే నోరు విప్పేది కాదు.

ఒకరోజు తొమ్మిదేళ్ళ పిల్లను తీసుకొచ్చారు. తల్లిదండ్రులు విడిపోయారు. పిల్ల తల్లి దగ్గర ఉంటోంది. తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి, వారానికి రెండు రోజులు బిడ్డను తన దగ్గరికి పంపమని అడుగుతున్నాడు. జడ్జిగారు వాళ్ళిద్దర్నీ బయటే కూర్చోబెట్టి పిల్లను ఒక్కదాన్నే తన గదిలోకి పిలిపించారు. గదిలో దుబాసీ, మూలన కంప్యూటరు ముందు టైపిస్టు తప్ప ఇంకెవరూ లేరు.

"నాన్న దగ్గరికి వెళ్ళడం ఇష్టమేనా తల్లీ?" జడ్జిగారి ప్రశ్నను దుబాసీ మెత్తగా అడిగింది.

పిల్ల కుర్చీ అంచున కూర్చుని బూటు లేసును వేలికి చుట్టుకుంటోంది. "వెళ్ళాలంటే నాకు అసహ్యమేస్తుంది" అంది. ఎందుకని అడిగితే ముక్కు మీద చెయ్యి పెట్టుకుని తల దించేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక చాలన్నట్టు జడ్జిగారు చెయ్యి ఊపారు.

అసహ్యానికి ఏ మాట వెయ్యాలి? హేట్ అంటే చప్పగా ఉంటుంది, పిల్లలు లెక్కల పుస్తకాన్ని కూడా హేట్ అంటారు. అసహ్యంలో ఒళ్ళు జలదరించడం కూడా ఉంది. దుబాసీకి సరైన మాట తట్టింది. లోద్. గట్టిగా పలికింది.

సాయంత్రం సంతకం పెట్టేముందు కాగితం చూసుకుంటే loathe అన్న మాటలో టైపిస్టు చివరి ఇంగ్లీషు అక్షరం మింగేసింది.

"అక్కా, చివర ఇ ఉండాలి."

"ఒక్క అక్షరానికి కొంపలేం మునుగుతాయే? లోతో, లోదో, నీ లోతు నాకు అందదు" అంది టైపిస్టు. రిటైరు కాబోయే మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతూ ఉంటుంది.

"అర్థం మారిపోతుందక్కా. ఇ లేకపోతే మనసొప్పడం లేదు, వెనకాడుతున్నాను అనే. ఇ ఉంటేనే అసహ్యించుకోవడం. ఆ పిల్ల అన్నది అసహ్యం."

టైపిస్టు విసుక్కుంటూ ఇ చేర్చింది. వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. తండ్రిని అసహ్యించుకునే బిడ్డను అతని దగ్గరికి పంపడం తగదని జడ్జిగారు రాశారు. లోద్ అనే మాట అందులో మూడుసార్లు ఉంది.

పదిరోజుల తర్వాత మధ్యాహ్నం వరండాలో ఒకతను ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. అతని చేతిలోని తీర్పు కాగితంలో ఒక మాట కింద పెన్సిలుతో గీత గీసి ఉంది.

"అమ్మా, డిక్షనరీ అమ్మగారు మీరేనా? పిల్లకి నువ్వంటే పడదటయ్యా అన్నాడు వకీలు. ఈ మాటకి అర్థం అదేనా?"

"అంతకంటే పెద్ద మాటే" అంది ఆమె, నేల చూస్తూ.

"మా పాప నోటితో ఏమంది? ఆ ఒక్కటి చెప్పండి చాలు."

చెప్పకూడదు. కానీ చెప్పింది. విని అతను ఏడవలేదు సరికదా, నవ్వబోయినట్టు పెదవులు కదిలాయి.

"దానికి పాల మీద మీగడన్నా అసహ్యమే, తడి సాక్సులన్నా అసహ్యమే అమ్మా. పచ్చి తోళ్ళ కంపు ఓ పట్టాన వదలదు. డ్యూటీ నుంచి రాగానే ముక్కు మూసుకుని, ఛీ నాన్నా, అసహ్యం, స్నానం చేసి రా పో అనేది. చేసొస్తే మెడెక్కి కూర్చునేది."

ముక్కు మీద పెట్టుకున్న ఆ చిన్న చెయ్యి ఆమె కళ్ళ ముందు మెదిలింది. చీదుకుంటోంది కాబోలు అనుకుంది ఆనాడు. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు జడ్జిగారి ముందు నిలబడి జరిగింది చెప్పింది.

"మీరు మాట తప్పు చెప్పారా?" అని అడిగారాయన.

"లేదండి. మాట సరైనదే. పిల్ల ఏ అర్థంలో అందో నాకు తెలియలేదు."

"అయితే నా చేతిలో ఏమీ లేదమ్మా. అతన్ని పైకోర్టుకి వెళ్ళమనండి. నా గదిలో విన్నది మీరు బయట సాక్ష్యం చెబుతానంటే మాత్రం ఇక్కడ పని చేయలేరు. ఆలోచించుకోండి."

"కోరి కొరివితో తల గోక్కుంటున్నావే" అంది టైపిస్టు. దుబాసీ సాక్ష్యం చెప్పింది. ఉద్యోగం పోయింది. మందుల పెట్టెల్లో పెట్టే కాగితాలు అనువదించే పని దొరికింది. చిన్న గది, కిటికీకి ఎదురుగా గోడ. "భోజనం తర్వాత వేసుకోవాలి" అని రోజుకు పాతికసార్లు రాసేది.

పైకోర్టు పదకొండు నెలలు తీసుకుని, నెలకో గంట తండ్రీకూతుళ్ళు కోర్టు గదిలోనే కలుసుకోవచ్చంది. ఆ మాట విని ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

తర్వాత ఏమైందో ఆమెకు ఏడాది దాకా తెలియలేదు. ఒక సాయంత్రం కిక్కిరిసిన బస్సులో ఎవరో లేచి సీటు ఇచ్చారు. చూస్తే అతనే. బాగా చిక్కిపోయాడు.

"పాప బాగుందా?" అని అడిగింది.

"రెండుసార్లు వచ్చిందమ్మా. తలెత్తి చూడలేదు. ఇంట్లో మొదటి తీర్పు కాగితం కంటబడితే చదువుకుందట. ఇంగ్లీషు స్కూలు కదా, ఆ మాట డిక్షనరీలో వెతుక్కుందట. నేనలా అన్నానా అని వాళ్ళమ్మని అడిగితే, కోర్టు కాగితం అబద్ధం రాస్తుందా అందట ఆవిడ. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఆవిడా అదే చదివింది."

"మీరు చెప్పలేదా?"

"చెప్పాను. నువ్వలా అనలేదురా బంగారం అన్నాను. అన్నాను నాన్నా, అందులో రాసుంది అని ఏడ్చింది. నా మొహం చూడాలంటే దానికి సిగ్గు. మూడో నెల నుంచి రావడం మానేసింది. నేనూ రమ్మని పట్టుబట్టలేదు."

ఆమె క్షమించమనబోయింది.

"మీరేం చేశారమ్మా" అన్నాడు అతను, ఆమె అడక్కముందే. "నాకోసం ఉద్యోగం పోగొట్టుకున్నారు."

ఆ మాటతో ఆమె మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా కుంగిపోయింది. బస్సు ఆగింది. అతను జనాన్ని తప్పించుకుంటూ దిగి, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. అతను ఇచ్చిన సీట్లో ఆమె చివరి స్టాపు దాకా అలాగే కూర్చుండిపోయింది.