ఒకే పేరు కింద

పప్పు మూడో విజిల్ వేసేలోపు నాలుగు ఫొటోలకు పేర్లు పెట్టాను. సీల్, సీల్, సీ లయన్, సీల్. చెవి డొప్ప బయటికి కనిపిస్తే సీ లయన్. చెవి ఉండాల్సిన చోట చిన్న రంధ్రం మాత్రమే ఉంటే సీల్. తడి చేయి చీరకు తుడుచుకుని అయిదోది తెరిచాను. ప్రభుత్వ బడుల పిల్లల కోసం జిల్లాలో బొమ్మల నిఘంటువు ఒకటి తయారవుతోంది. ఫోన్‌ను బొమ్మ ముందు పెడితే అది తెలుగులో పేరు చెప్పాలి. అది చెప్పాలంటే ముందు మనుషులు వేల ఫొటోల కింద పేర్లు రాయాలి. సముద్రపు క్షీరదాలు నా వంతు. కోదాడలో పుట్టి కోదాడలోనే పాఠాలు చెప్పుకుంటున్న నేను సముద్రాన్ని ఒక్కసారే చూశాను. అదీ విహారయాత్రలో, బడిపిల్లలు అందరూ ఉన్నారా లేదా అని లెక్కపెట్టుకుంటూ.

ఈ పని పంచిన రోజు మా హెడ్మాస్టర్ భాస్కర్ సార్ స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు. "నాగరాణి మేడంకు ఇయ్యండి. ఆమెకు ఇప్పుడు ఇంట్ల పిల్లల పని గూడ లేదు గద." అని టీ తాగారు. ఎవరూ తల ఎత్తలేదు. నా కూతురు జ్యోత్స్న పోయి అప్పటికి అయిదు నెలలు. పదకొండేళ్ల పిల్ల. డెంగీ జ్వరం. సూర్యాపేట దవాఖానలో మూడో రోజు.

మొదటి వారంలోనే ఒక పొరపాటు చేశాను. డుగాంగ్, మానటీ అని రెండు జంతువులు. రెండూ బొద్దుగా ఉంటాయి, రెండిటి మూతీ కిందికి వాలి ఉంటుంది, రెండూ నీళ్లలో గడ్డి మేస్తాయి. వీటికి వేరు వేరు పేర్లు కావాలేమోనని సార్‌ను అడిగాను. "రెండు ఒక్కతీరుగనే ఉన్నయి గద మేడం. సముద్రపు ఆవు అని కొట్టెయ్యండి. మన పిల్లలేమన్న వాటి పాలు పిండబోతరా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ గదిలో నన్ను చూసే చూపు వేరుగా ఉంటుంది. రెండు వందల అరవై ఫొటోలను ఒకే పేరు కింద వేశాను. నెల తిరక్కుండా పైనుంచి వెనక్కి వచ్చాయి, రెండిటినీ విడదీయమని. కలపడానికి రెండు సాయంత్రాలు పట్టింది. విడదీయడానికి ఒక్కో ఫొటో తెరిచి తోక వెతకాలి. చేప తోకలా చీలి ఉంటే డుగాంగ్, విసనకర్రలా గుండ్రంగా ఉంటే మానటీ. తోక నీళ్లలో ఉండి మూతి మాత్రమే పైకి కనిపించేవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. "మీరే పెట్టిన్రు గద మేడం, మీరే సరిజెయ్యండి" అన్నారు సార్. నిఘంటువు మొదటి పేజీలో కూర్పరిగా ఆయన పేరు ఉంది.

కుక్కర్ దించుతుంటే మా ఆయన మల్లేష్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అమ్మ ఫోన్ జేసింది. త్రివేణి బిడ్డకు ఎల్లుండి మిర్యాలగూడల తొట్టెల. పేరు జ్యోత్స్న అని పెడుతున్నరు."

త్రివేణి నా తోటికోడలు. పురుటికని పుట్టింట్లో ఉంది. నేను కుక్కర్ మూత మీది నుంచి చేయి తీయడం మరిచిపోయాను. కాలింది.

"ఎవరు అనుకున్నరు?"

"ఎవరేంది, అందరం. ముక్కు, నొసలు అచ్చం మన బిడ్డవే అంటది అమ్మ. పోయిన పిల్ల మల్ల మనింటికే వచ్చిందనుకో. నీ పానం గూడ జర నిమ్మలమైతది."

"నన్నొక్క మాట అడగలె."

"పేరే గద రాణీ. పేరుకు గింత పరేషానా?"

ఈ మనిషే దవాఖాన వరండాలో అందరూ వింటుండగా అన్నాడు, "ఊరోళ్ల పిల్లలకు చదువు జెప్పుడు తెలుసు గని, ఇంట్ల పిల్ల ఒళ్లు కాలుతున్నది తెల్వలే నీకు." ఆ రాత్రంతా తడిగుడ్డ వేసింది నేను. జ్వరమాపని చూసి చూసి రాసిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాన్ని ఎవరికీ చూపించలేదు. చూపించి ఏం నిరూపించుకోవాలి?

రెండు రోజులు వంట చేశాను, బడికి వెళ్లాను, ఆ పేరు గురించే ఆలోచించాను. ఇక మీదట ఈ ఇంట్లో జ్యోత్స్నకు జ్వరమొచ్చిందంటే ఆ పిల్లకు. జ్యోత్స్న పుట్టినరోజంటే ఆ పిల్లది. నా పిల్ల మొదట పెద్ద జ్యోత్స్న అవుతుంది, ఆ తర్వాత ముందు పోయిన పిల్ల అవుతుంది, చివరికి ఏమీ కాదు. అరటిపండు తొక్క మొత్తం ఒలిచిస్తే తిననని అలిగే పిల్ల, గుణకారం తప్పొస్తే పెన్సిల్ కొరికే పిల్ల, ఎవరికీ గుర్తుకు రాదు. మరి ఆ పసిదాని సంగతి? చచ్చిపోయిన అక్క ముక్కును మోసుకు తిరగాలి. అది అల్లరి చేస్తే, మా జ్యోత్స్న ఇట్లా ఉండేది కాదంటారు. ఇద్దరికీ అన్యాయమే. ఈ మాట చెబితే మల్లేష్ ఏమంటాడో నాకు తెలుసు. టీచర్లకు అంతా పాఠం లెక్కనే ఉంటదంటాడు.

మిర్యాలగూడలో తొట్టెకు పూలు చుట్టారు. త్రివేణి చెవులకు గుడ్డ కట్టుకుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. మా అత్తమ్మ రేణుకమ్మ నా భుజం పట్టుకుని ముందుకు తెచ్చింది.

"పేరు పిలువ మనింట్ల మేనత్త లేకపాయె. పెద్దకోడలివి, నువ్వే చెవుల మూడుసార్లు పిలువు బిడ్డా. నీ నోటితోనే నీ పిల్లను ఇంట్లకు పిలుసుకున్నట్టయితది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. మరిది ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నేను వంగాను. అప్పుడు త్రివేణి ముఖం దగ్గరగా కనిపించింది. నా వైపు చూడటానికి భయపడుతోంది. ఇరవై ఒక్క రోజుల బాలింత, ఏదో దొంగిలించినదానిలా తల దించుకుని ఉంది.

"నువ్వేం పేరనుకున్నవ్ త్రివేణీ?" మెల్లగా అడిగాను.

ఆమె ముందు అత్తమ్మ వైపు చూసింది. "నన్నెవరు అడిగిన్రు అక్కా."

"నేనడుగుతున్న."

పెదవులు కదిలాయి. ఆ పేరును తొమ్మిది నెలలు ఒక్కతే మోసినట్టుంది. అంత చిన్న గొంతుతో చెప్పింది.

బిడ్డ చెవి దగ్గరికి వంగి, అందరికీ వినిపించేలా పిలిచాను. "అఖిల. అఖిల. అఖిల."

త్రివేణి బిడ్డను గుండెకు హత్తుకుంది. మరిది ఫోన్ దించాడు. మల్లేష్ గుమ్మంలో నుంచి ఒకడుగు ముందుకు వేశాడు.

"ఏం పేరు పిలిచినవే? జ్యోత్స్న అని పిలువమంటి గద!" అంది అత్తమ్మ.

"అది నా బిడ్డ పేరు అత్తమ్మా" అన్నాను. "నా బిడ్డ మల్ల రాలే. సచ్చిపోయింది."