కోర్టు ఫీజు కట్టిన దరఖాస్తు

అమలాపురం కోర్టులో పంతొమ్మిదేళ్లు వాదించాక, 1979లో నాకు యూనివర్సిటీకెళ్లి లాలో పై డిగ్రీ, ఎం.ఎల్., చదవాలనిపించింది. ఉన్నవి ఎనిమిది సీట్లు, వచ్చిన దరఖాస్తులు రెండు వందల పైచిలుకు. ఆ ఎనిమిదిలో ఒకటి నాదేననడంలో నాకు ఏ అనుమానమూ లేదు. దరఖాస్తు నింపి, పోస్టు చెయ్యమని మా గుమస్తా శరభయ్యకిచ్చాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చున్నారు. ముగ్గురూ నాకంటే చిన్నవాళ్లే. మధ్యలో కూర్చున్నాయన నా దరఖాస్తు ఎత్తి చూపించాడు. దాని నెత్తిన కోర్టు ఫీజు స్టాంపు! స్టాంపు లేనిదే శరభయ్య ఏ కాగితాన్నీ గడప దాటనివ్వడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ గుమస్తా చేసిన తప్పుని నేను ఏ జడ్జి ముందూ ఒప్పుకోలేదు, వీళ్ల ముందు ఒప్పుకుంటానా?

"గౌరీశంకరం గారూ, ఇక్కడ స్టాంపు అక్కర్లేదు కదండీ?" అన్నాడాయన, నవ్వు ఆపుకుంటూ.

"ఆయ్, అక్కర్లేదండి. కానీ అంటించేసేం కదండీ, అంచేత ఇది పిటిషనైపోయిందండి. ఇహ దీన్ని కొట్టెయ్యాలంటే తమరు కారణాలు రాసి మరీ కొట్టెయ్యాలండి. ఆ కారణాల మీద నేను అప్పీలుకెళ్తానండి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. నన్నిహ వెళ్లి రమ్మన్నారు.

పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చినట్టు టైపు చేసిన మాటల కింద, ఎవరో పెన్నుతో ఒక్క ముక్క రాశారు: "అనుమతించడమైనది. కారణాలు రాయనక్కర్లేదు."