జమ్మి తుపాకి

తుపాకి బొమ్మ ఆయుధమా, ఉత్త బొమ్మేనా? ఈ సందేహం వడ్ల రాజేశాన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు. ఏటా దసరాకు సౌదీ అరేబియాలో, అల్ ఖోబర్‌లోని తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, రంపం, ఉలి, బాడిస, రందా, సుత్తి కడిగి తుడిచి చాప మీద వరసగా పరిచేవాడు. ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టేవాడు. చివరి పనిముట్టు దాటాక బొట్టు పెట్టే వేలు కాసేపు గాలిలో ఆగిపోయేది. గోడకు ఆనించిన పొడవాటి తుపాకి ఎప్పుడూ అక్కడే ఉండేది మరి. అది ఆయుధమైతే ఆయుధపూజలో దానికి చోటుండాలి. చేసిన చేతికి దాని పాపంలో వాటా కూడా ఉండాలి. బొమ్మే అయితే, దాన్ని చూడగానే మనిషి గుండె ఎందుకు ఝల్లుమంటుంది? రాజేశం ఈ సంగతి దేవుడిని చాలాసార్లు అడిగాడు. దేవుడు తొందరపడి జవాబు చెప్పే రకం కాదు.

అడగకుండానే చెప్పేవాడు బాబావలి. రాయచోటి మనిషి. రాజేశం పనిచేసే ఫర్నిచర్ కార్ఖానాలో పికప్ బండి తోలేవాడు. రాజేశం లోపల పూజ చేసుకుంటున్నంతసేపూ బయట గడప దగ్గర టీ గ్లాసు పట్టుకుని, అక్కడ అలాంటి పూజలు నిషేధం గనుక అటువైపు ఎవరూ రాకుండా కాపలా కూర్చునేవాడు.

"ప్రాణముండే వాటి బొమ్మలు చేయగూడదని మా పెద్దోళ్ళు చెప్తారు గానీ, తుపాకికి ప్రాణమేడుందన్నా?" అనేవాడు.

"ప్రాణం లేదు గని, తీస్తది గద తమ్మీ."

"నీది తీయదు గదా. గుండు పోయే బొక్కే లేదు దానికి. ఊరికే బుర్ర చెడుపుకుంటాండావు."

ఈ తుపాకుల పిచ్చి రాజేశానిది కాదు, అతన్ని వీసా మీద రప్పించిన యజమాని, కఫీల్ అబూ ఫహద్‌ది. కార్ఖానాతో పాటు ఆయనకు నీళ్ళ ట్యాంకర్లు కూడా ఉండేవి. కువైట్ యుద్ధంలో ఆ ట్యాంకర్లు ఎడారిలోని సైనిక శిబిరాలకు నీళ్ళు మోశాయి. ఖోబర్‌లో సైరన్ మోగినప్పుడల్లా జనం కిటికీల సందులకు టేపులు అంటించుకుని, ముఖాలకు మాస్కులు తగిలించుకుని కూర్చున్న రోజులవి. రాజేశానికీ బాబావలికీ స్నేహం కుదిరింది ఆ టేపులు అంటించిన గదిలోనే. అబూ ఫహద్ మాత్రం ఇంట్లో కూర్చోలేదు. ట్యాంకర్ల వెంట తానూ వెళ్ళి, ఇసుక దిబ్బ మీద బోర్లా పడుకుని గంటల కొద్దీ కదలకుండా చూపు నిలిపే సైనికులను చూశాడు. వాళ్ళ చేతుల్లో పైన దుర్బీను బిగించిన పొడవాటి తుపాకులను చూశాడు. యుద్ధం ముగిసింది, సైన్యాలు వెళ్ళిపోయాయి, ఆ తుపాకులు మాత్రం ఆయన కళ్ళల్లో ఉండిపోయాయి.

అసలు తుపాకి ఆయనకు అక్కర్లేదు. మనవలు తిరిగే ఇల్లు, అందులో నిప్పు ఉండకూడదని తానే అన్నాడు. అచ్చం దానిలాగే కనబడే చెక్క తుపాకి అతిథులు కూర్చునే మజ్లిస్ గోడ మీద ఉంటే చాలు. ఒక పత్రికలోంచి చింపిన బొమ్మ తెచ్చి రాజేశం ముందు పెట్టాడు. ఇంటికి తలుపు చేసేవాడు దీన్ని చేయలేడా అన్నట్టు చూశాడు. చేయలేనని చెప్పడం రాజేశం వంశంలో లేదు.

మొదటిది అమెరికా వాళ్ళది. గొట్టం బదులు లేతు మిషను మీద గట్టి కట్టె తిప్పి, పెన్సిల్ ముళ్ళ పొడిని నూనెలో కలిపి రుద్దితే ఇనుము లాగే నల్లగా మెరిసింది. వెనక్కి లాగి ముందుకు తోసే మీట దగ్గర రాజేశం రెండు రోజులు ఆగిపోయి, ఇది తలుపు గడియే కదా అని తట్టాక నవ్వుకున్నాడు. గడియ పెట్టడం వడ్లవాడికి ఎవరు నేర్పాలి? రెండోది రష్యా వాళ్ళది, భుజానికి ఆనించే కట్టె మధ్యలో కిటికీ లాంటి ఖాళీ ఉంటుంది. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్ళ పాతకాలం తుపాకి, చెంప ఆనించుకోవడానికి పైన చిన్న దిమ్మతో సహా. ఏడాదికొకటో రెండో చొప్పున మజ్లిస్ గోడ నిండుతూ వచ్చింది. వచ్చిన చుట్టాలు భయపడి, తర్వాత తాకి చూసి, తర్వాత పకపకా నవ్వేవారు. అబూ ఫహద్ వాళ్ళ ముందు రాజేశాన్ని పిలిచి, నా ఉస్తాద్ ఇతనే అని చూపించేవాడు. రాజేశానికి ఛాతీ పొంగేది. అయినా ఊరి నుంచి భార్య ముత్యవ్వ ఫోన్లో ఏం పని చేస్తున్నావని అడిగితే, కుర్చీలూ బల్లలూ అని చెప్పి ఊరుకునేవాడు.

అన్నిటికన్నా గొప్పది జమ్మి తుపాకి. ఆ కట్టె తెచ్చింది బాబావలి. ఒకసారి హుఫూఫ్ వైపు ఖర్జూర తోటకు మంచాలు దింపి వస్తూ, ఎండి కూలిన చెట్టు మొద్దు ఒకటి అడిగి బండిలో వేసుకొచ్చాడు. దాని కొమ్మకు ఇంకా అతుక్కుని ఉన్న నాలుగు ఆకులు, ఒక ఎండు కాయ చూసి రాజేశం చేతిలో పని వదిలేశాడు. ఇక్కడివాళ్ళు ఘాఫ్ అంటారట. రాజేశానికి మాత్రం అది జమ్మి. పాండవులు ఆయుధాలు మూటగట్టి దాచిన చెట్టు. దసరా సాయంత్రం దాని ఆకునే బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి, పగవాడినైనా కౌగిలించుకుంటారని బాబావలికి చెప్పాడు.

అంతా విని బాబావలి, "అట్లయితే దీంతో మా అమ్మకు రెహల్ చేసియ్యన్నా. మీ బంగారంతో మా కితాబుకు పీట," అన్నాడు.

రెహల్ అంటే ఖురాన్ తెరిచి పెట్టుకునే మడత పీట. రాజేశం చేస్తానని మాటిచ్చాడు. మొద్దును నీడలో పెట్టి ఆరబెట్టాడు. ఆరిన కట్టెను ఒకనాడు అబూ ఫహద్ చూశాడు, చేత్తో నిమిరాడు. ఈసారి తుపాకి దీంతోనే చెయ్యమన్నాడు. అది వేరేవాళ్ళదన్న మాట రాజేశం నాలుక మీదికి వచ్చింది గానీ బయటికి రాలేదు. ఆ సంగతి తెలిసి బాబావలి పర్వాలేదులే అన్నాడు. టేకుతో చేసిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. చేస్తే జమ్మితోనే చెయ్యాలి, లేకపోతే ఉండనీ అన్నాడు. అప్పటినుంచీ అది బాకీగానే ఉండిపోయింది. తుపాకి మొత్తం ఒకే కట్టెలోంచి వచ్చింది, ఎక్కడా అతుకు లేదు. దాన్ని మజ్లిస్‌కు తీసుకుపోలేదు. ఎండకాలానికి ఒకసారి నూనె పట్టించాలన్న సాకుతో రాజేశం తన గదిలోనే ఉంచుకున్నాడు. దసరా నాడు బొట్టు దగ్గర వేలు ఆగేది ఆ తుపాకి ముందే.

కొన్నేళ్ళు గడిచాయి. అబూ ఫహద్ పెద్ద కొడుకు రాబిగ్‌లోని రిఫైనరీలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి జమ్మి తుపాకిని కానుకగా పంపాలని ముసలాయనకు బుద్ధి పుట్టింది. తుపాకిని గోడకు బిగించి రావడానికి రాజేశం, బండి తోలడానికి బాబావలి. అప్పటికి ఖోబర్ చుట్టుపక్కల చెక్‌పోస్టులు కట్టుదిట్టంగా ఉన్నాయి. దారిలో చూపించడానికి ఏదైనా కాగితం రాసివ్వమని రాజేశం అడిగాడు. చెక్కకు కాగితమెందుకని అబూ ఫహద్ నవ్వేసి, ఆ పొద్దునే పని మీద బహ్రెయిన్ వెళ్ళిపోయాడు.

రియాద్ దారిలో మొదటి చెక్‌పోస్టు దగ్గరే బండి ఆపారు. కుర్ర సైనికుడొకడు వెనకాల దుప్పటి కొస ఎత్తి చూసి, పామును తొక్కినవాడిలా వెనక్కి గెంతాడు. బాబావలి రెండు చేతులూ పైకెత్తి, లూబా, లూబా అన్నాడు నెమ్మదిగా. అరబ్బీలో ఆటవస్తువు అని. సైనికుడు నమ్మలేదు. రాజేశం వైపు తన తుపాకి తిప్పి ఇదేమిటని అరిచాడు. రాజేశానికి వచ్చిన అరబ్బీ అంతా మేకు, తలుపు, కొలత, రేపు. ఆటవస్తువు అందులో లేదు. నోటికొచ్చింది అనేశాడు.

"బొమ్మ! బొమ్మ!"

ఆ మాట సైనికుడి చెవిలో బాంబై పేలింది. వాడు కేక పెట్టాడు. ఉన్నవాళ్ళంతా ఇసుక బస్తాల వెనక్కి దూకారు. వెనకాల వరసలో ఉన్న కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వెనక్కి పోయాయి. కాసేపటికి ఇద్దరూ తలల మీద చేతులు పెట్టుకుని ఎండలో ఇసుక మీద కూర్చుని ఉన్నారు.

"రాజేశన్నా, నీకు దండం పెడ్తా," అన్నాడు బాబావలి పెదవి కదలకుండా. "ఇంక తెలుగు మాట్లాడొద్దు."

వయసు మళ్ళిన ఆఫీసరు ఒకడు వచ్చాడు. బాబావలి చెప్పినదంతా ఓపికగా విన్నాడు. అబూ ఫహద్ ఇంటికి ఫోన్ చేయించాడు, ఎవరూ ఎత్తలేదు. తుపాకి మీట కదిలించి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంత నిజమైనదిలా కనబడేదాన్ని వదలలేనని, ఇద్దరినీ పట్నం పోలీసుల దగ్గరికి పంపి కాగితం రాయిస్తానని, కఫీల్ వచ్చాక మిగతాది ఆయన చూసుకుంటాడని అన్నాడు. న్యాయమైన మాటే. కాని బాబావలి ముఖం మాడిపోయింది. దసరా మర్నాడు అతని విమానం. ఎన్నో ఏళ్ళకు దొరికిన సెలవు, రాయచోటిలో హుస్సేన్‌బీ తన కొడుకైన అతని కోసం ఎదురు చూస్తున్నది. పోలీసు కాగితంలో పేరెక్కితే ఆ ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఎవరి తుపాకి కోసమో, ఎవరి నోటి నుంచో జారిన మాట కోసం.

రాజేశం లేచి నిలబడ్డాడు. ఆఫీసరుకు ఏమేమి అనుమానాలున్నా, ఆ తుపాకిలో ఏముందో భూమ్మీద అందరికన్నా తనకు బాగా తెలుసు.

"తమ్మీ, నా సంచిల రంపం ఉన్నది. తీస్కోనియ్యమను. ఇనుము గాదని కోసి చూపెడ్త."

బాబావలి తర్జుమా చేయలేదు. "వద్దన్నా. అట్లాంటిది మళ్ళా చేయలేవు."

"నువ్వు చెప్పయ్యా."

ఆఫీసరు సరేనన్నాడు. రాజేశం తుపాకిని బండి వెనక పలక మీద పడుకోబెట్టాడు. ఆఫీసరు గొట్టం కొస చూపించాడు. రాజేశం తల అడ్డంగా ఊపాడు. కొస కోస్తే లోపల ఇనుముందనే అనుమానం అలాగే ఉంటుంది. అసలు తుపాకికి ఇనుమంతా ఎక్కడ ఉంటుందో అక్కడే, మీట పక్కన, గుండు కూర్చునే చోట వెనక మడమ కొస నుంచి అరచేతి బెత్త పెట్టి కొలుచుకుని, బొటనవేలు ఊతం పెట్టి రంపం లాగాడు. మెరుపు పోయింది. ఎర్రటి పొట్టు రాలింది. అంగుళం, ఇంకో అంగుళం. ఇసుక బస్తాల వెనకనుంచి ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. చివరి నారతో సహా తుపాకి రెండు ముక్కలైంది. రెండు ముఖాల మీదా ఒకే చారలు, కట్టె తప్ప మరేమీ లేదు.

ఆఫీసరు పొట్టు చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు.

"ఘాఫ్," అన్నాడు. తన అమ్మమ్మ మేకలను ఈ చెట్టు కిందే కట్టేదట. దీంతో తుపాకి చేసేవాడిని మాత్రం ఎక్కడా చూడలేదట. ఇద్దరి ఇఖామా గుర్తింపు కార్డులూ వాళ్ళ చేతుల్లో పెట్టి, ఇంకెప్పుడూ ఇలాంటివి రోడ్డెక్కించవద్దని చెప్పి బండి వెనక్కి తిప్పించాడు.

సగం దారి దాటాక బాబావలి అద్దంలో వెనక పడి ఉన్న ముక్కలను చూశాడు. తర్వాత అన్నాడు. "కోసేముందు బెత్త పెట్టి కొలిచినావు. నేను చూసినా."

"కోత నేరుగ రావాలె గద," అన్నాడు రాజేశం రోడ్డు వైపు చూస్తూ.

అబూ ఫహద్ తిరిగి వచ్చిన రోజున రాజేశం రెండు ముక్కలూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముసలాయన చాలాసేపు ముక్కలను తడిమాడు. చెక్‌పోస్టు మొత్తాన్ని పారదోలిన తుపాకి అని, గొట్టం ముక్కను అలాగే గోడకు పెడతానన్నాడు. మడమ ముక్క రాజేశం అడిగాడు. ఎందుకని అడిగితే, రెహల్‌కు అన్నాడు, ఆ మొద్దు మొదట దేనికని ఉంచాడో కూడా అప్పుడే చెప్పాడు. అబూ ఫహద్ ముఖం ముడుచుకుంది.

ఖురాన్ పీటకని ఉంచిన కట్టెను తుపాకికి అడిగేవాడినా నేను, ఆ రోజే ఎందుకు చెప్పలేదని నిలదీశాడు. ముసలాయన మడమ ముక్కను తానే రెండు చేతులతో ఎత్తి అతని చేతుల్లో పెట్టాడు.

రెహల్‌కు అతుకు ఉండకూడదు. ఒకే పలకను రెండు కొసల నుంచి చీలుస్తూ వచ్చి, నడుమ మాత్రం వేళ్ళలో వేళ్ళు పెనవేసినట్టు కీలు చెక్కాలి. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, విడిపోదు. భుజానికి ఆనాల్సిన మడమ ముక్క రందా కింద పలకైంది. అది పెద్ద రెహల్‌కు చాలదు. ముసలామె ఒళ్ళో పట్టే చిన్నదానికి సరిపోయింది.

దసరా పొద్దున రాజేశం పనిముట్లకు బొట్లు పెట్టాడు. రంపం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తుపాకిని చేసిందీ ఇదే, కోసిందీ ఇదే. ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు దొరికిందని చెప్పలేడు. కాని పాండవులు జమ్మి మీద దాచింది ఆయుధాలే కావచ్చు, ఈ జమ్మిలో దాగింది మాత్రం మొదటినుంచీ వేరేదేమో అనిపించింది. ఎవరు చూడొచ్చారు?

తలుపు తీశాడు. గడప దగ్గర బాబావలి టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు, పక్కన తాళ్ళు కట్టిన పెట్టె. రాజేశం రెహల్‌ను రెండు చేతులతో అతని చేతుల్లో పెట్టాడు.

"బంగారం తీస్కో తమ్మీ."

బాబావలి గ్లాసు కింద పెట్టి లేచాడు. పండగనాడు ఏం చేయాలో అతనికి ఎప్పుడో చెప్పిందే, గట్టిగా కౌగిలించుకున్నాడు. తర్వాత రెహల్ తెరిచి గచ్చు మీద నిలబెట్టాడు. వేలితో అటూ ఇటూ తట్టి చూశాడు. కదల్లేదు.

"మా అమ్మ అడుగుతాది, దేంతో చేసిందని."

"జమ్మి కట్టె అను. తుపాకి ముచ్చట చెప్పకు."

"అదే ముందు చెప్తా. నగి నగి సచ్చిపోతాది ముసల్ది." రెహల్ మూసి తువ్వాలులో చుట్టుకుంటూ ఆగాడు. "ఇంక మన మధ్య బాకీ లేదన్నా. తీరిపాయ."