తెల్లగా మిగిలిన వీధి

పాలగిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది. గిన్నె గట్టు మీద ధడేల్మంది. "ఏమైంది?" అన్నాడు భర్త హాల్లోంచి, ఫోన్ మీంచి తలెత్తకుండానే. "ఏం లేదు" అంది. ఆ గొంతు తనది కాదు, అమ్మది. పోయిన అమ్మ ఈమధ్య ఇలాగే వస్తోంది, ఆ రెండు ముక్కల్లో. బతికున్నన్నాళ్లూ డొక్కలో నొప్పిని చేత్తో అదిమిపట్టుకుని పొయ్యి ముందు నిలబడి, ఎవరడిగినా "ఏం లేదు" అనేది. నాన్న నమ్మేవాడు. నమ్మడం ఆయనకు సుఖంగా ఉండేది. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు అందరినీ కడిగేశాడు.

"గిన్నెలు మెల్లగా పెట్టమ్మా, గుండె గుభేలుమంది" అంది అత్తగారు. గుండె గురించి ఆ ఇంట్లో మాట్లాడే హక్కు ఆవిడొక్కదానికే ఉంది. కోడలు కాలిన మణికట్టును కుర్తా చేతి కింద దాచుకుని ఆఫీసుకు బయల్దేరింది.

వరదొస్తే ఊళ్లో ఏ వీధిలోకి ఎంత నీరు చేరుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టి మ్యాపు గీయడం ఆమె పని. ముందు ఎవరిని ఖాళీ చేయించాలో ఆ మ్యాపు చూసే తేలుస్తారు. సాయంత్రానికల్లా అది పై ఆఫీసుకు వెళ్లాలి. ప్రోగ్రాం మొదట్లో, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లు రాసిన లైను ఒకటుంది: హెచ్చరికలేవీ చూపించకు. ఎందుకో ఆ పూట ఆమెకు దాన్ని చూస్తే భయమేసింది. తీసేసి నడిపింది. తెర నిండా ఎర్ర అక్షరాలు బిలబిలమంటూ దిగాయి. ఎక్కడో సున్నాను సున్నాతో భాగిస్తోందట.

"వార్నింగులేనమ్మా, ఎర్రర్లు కావు. ప్రోగ్రాం ఆగిందా? లేదుగా! మీ ఆడవాళ్లకి ప్రతిదానికీ కంగారే" అన్నాడు మేనేజరు, తాగేసిన కాఫీ కప్పు ఆమె బల్ల మీదే వదిలేసి వెళ్తూ. ఆ కప్పు కడిగేది కూడా ఆమే.

ఆమె ఒక్కో లైనూ పట్టుకుని వెనక్కి నడిచింది. ప్రవాహాన్ని లోతుతో భాగిస్తే నీటి వేగం వస్తుంది. ఎండిన నేల మీద రెండూ సున్నాలే, వచ్చే జవాబు అసలు అంకే కాదు. అందుకే సున్నా రాకుండా అన్ని వీధులకీ లెక్కలో ముందుగా పల్చటి తడి ఇస్తారు. ఏటి కట్ట కింద వీధిని తర్వాతెప్పుడో చేర్చినవాళ్లు ఆ తడి ఇవ్వడం మరిచిపోయారు. అంకె కానిదానికి ఏం కలిపినా అంకె కాదు, ఇక ఎంత నీరొచ్చి పడినా అక్కడ అంకె పుట్టదు. నీటి లోతుకు సగటు తీసే లైను అలాంటి చోట్లను చడీచప్పుడు లేకుండా వదిలేస్తోంది. వదిలేసిన చోటు మ్యాపులో తెల్లగా మిగులుతోంది. క్షేమంగా ఉన్న వీధి రంగూ తెలుపే.

ఆ తెల్లటి వీధిలో డొక్క పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. ఏం లేదమ్మా, అంటోంది.

ఆ వీధికి తడి ఇచ్చి మళ్లీ నడిపింది. కట్ట కింద వీధి ముదురు నీలంగా మారింది. కిటికీలు మునిగేంత నీరు. పాత లైను ఉన్నచోట కొత్తది రాసింది: హెచ్చరిక వస్తే అక్కడే ఆగిపో.

"ఎవరు మార్చమన్నారు?" అన్నాడు మేనేజరు.

"ఎవరూ అనలేదండీ. ఆ ఇళ్లు మునుగుతాయి."

అతను నీలాన్ని చూశాడు. మ్యాపు పై ఆఫీసుకు పంపించాడు. కప్పును ఆమె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది.

"ఇంకా పొయ్యి వెలిగించలేదా? ఏమైంది?" అన్నాడు భర్త, తలెత్తకుండానే. అమ్మ ఆమె నోట్లోంచి మాట్లాడబోయింది. ఆమె పెదవులు బిగించి, కుర్తా చెయ్యి పైకి మడిచి, బొబ్బెక్కిన మణికట్టును అతని మొహానికీ ఫోన్‌కీ మధ్య పెట్టింది.

"కాలింది. పొద్దున మీరు అడిగినప్పుడే కాలింది. లేచి వంట చెయ్యండి."